మూడు సిస్టమ్‌లు, పదిహేడు ఎక్స్‌టెన్షన్లు

ప్రశ్న: ఖమ్మంలో డిగ్రీ కాలేజీ ఎదురుగా నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. మూడు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్. హాల్‌టికెట్లు, ఉద్యోగాల అప్లికేషన్లు, ఫీజులు కట్టడం, ఇవే ఎక్కువ. ఏ సైట్ తెరిచినా యాడ్సే. పిల్లలేమో 'డౌన్‌లోడ్' అని పచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ నొక్కేస్తారు. గత నెల నుంచి మధ్య సిస్టమ్‌లో గూగుల్ బదులు ఏదో కొత్త సెర్చ్ పేజీ వస్తోంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా తమ్ముడు "ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్లే పెట్టు అక్కా, అవి సేఫ్" అంటాడు. లెక్కపెడితే ఆ ఒక్క సిస్టమ్‌లోనే 17 ఉన్నాయి. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? ఓపెన్ సోర్స్ అయితే నిజంగానే సేఫా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. మిగతా సగం సంగతి కాసేపాగి చెబుతాను. ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. ముందు ఆ మధ్య సిస్టమ్ పని చూద్దాం.

క్రోమ్‌లో అడ్రస్ బార్‌కు కుడిపక్కన పజిల్ ముక్క లాంటి గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి 'మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్'లోకి వెళ్లండి. పదిహేడింటినీ ఒక్కొక్కటిగా చూస్తూ, ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని గుర్తుచేసుకోండి. గుర్తు రాని ప్రతిదాన్నీ రిమూవ్ చేసేయండి. మొహమాటం వద్దు, నిజంగా కావలసిందైతే రెండు నిమిషాల్లో మళ్లీ పెట్టుకోవచ్చు. నా అంచనా ప్రకారం అందులో పీడీఎఫ్ కన్వర్టర్లు రెండో మూడో ఉంటాయి. వీడియో డౌన్‌లోడర్ ఒకటి, కూపన్లు వెతికి పెడతానన్నది ఒకటి ఉంటాయి. మీ సెర్చ్ పేజీని మార్చిన ఘనకార్యం కూడా వీటిలోనే ఎవరిదో అయ్యుంటుంది.

ఒకవేళ రిమూవ్ బటన్ పనిచేయకపోతే, మెనూలో ఎక్కడైనా 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని కనిపిస్తే మాత్రం ఆగండి. మీ సెంటర్‌కు ఆర్గనైజేషన్ అంటే మీరే. మీరు పెట్టని ఆంక్ష అక్కడ ఉందంటే, ఏదో ప్రోగ్రామ్ విండోస్‌లోనే తిష్ట వేసి ఉండొచ్చు. అప్పుడు బ్రౌజర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. సిస్టమ్‌లు బాగుచేసే కుర్రాణ్ని పిలిచి విండోస్ మళ్లీ ఎక్కించుకోవడమే మేలు. మీ దగ్గర జనం ఆధార్ నంబర్లు, ఓటీపీలు కొడతారు. 'ఇంకో వారం చూద్దాం' అనుకోవడానికి వీల్లేని చోటు అది.

ఇంతకీ ఎక్స్‌టెన్షన్ అంటే ఎందుకింత జాగ్రత్త? పెట్టేటప్పుడు చిన్న పెట్టె ఒకటి వస్తుంది. 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు' అని దాని సారాంశం. అందరం చదవకుండానే ఓకే కొట్టేస్తాం. మీ సెంటర్‌లో ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే వెనక నిలబడి భుజం మీదుగా తొంగిచూసే మనిషిని మీరు ఊరుకోరు కదా. "కొంచెం పక్కకు జరగండి బాబూ" అంటారు. ఆ పర్మిషన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ సరిగ్గా ఆ మనిషే. పైగా ఇతనికి చూడటమే కాదు, స్క్రీన్ మీద ఉన్నదాన్ని మార్చడం కూడా వచ్చు. యాడ్స్‌ను గట్టిగా ఆపే మంచి ఎక్స్‌టెన్షన్‌కైనా సాధారణంగా ఈ పర్మిషన్ కావాలి. అందుకే అక్కడ నిలబడ్డది ఎవరో తెలియాలి, ఎక్కువమంది ఉండకూడదు.

ఇప్పుడు ఓపెన్ సోర్స్ సంగతి. ప్రోగ్రామ్ కోసం రాసిన కోడ్‌ను అందరికీ కనిపించేలా పెడతారు, ఎవరైనా చదవొచ్చు, తప్పులు పట్టుకోవచ్చు, కావాలంటే కాపీ తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చు. ఇది పెద్ద బలమే. కానీ అందరూ చదవగలగడం వేరు, ఎవరో ఒకరు చదివి ఉండటం వేరు. 'ది గ్రేట్ సస్పెండర్' గురించి మీ తమ్ముణ్ని అడగండి, గుర్తుండే ఉంటుంది. వాడకుండా తెరిచి ఉంచిన ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చే ఎక్స్‌టెన్షన్ అది. ఓపెన్ సోర్సే, లక్షల మంది వాడారు. 2020లో దాన్ని తయారుచేసినవారు వేరేవాళ్లకు అమ్మేశారు. కొన్నవాళ్లెవరో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత స్టోర్‌లో పెట్టిన వెర్షన్‌లో, బయట అందరికీ చూపించే కోడ్‌లో లేని మార్పులు కనిపించాయి. చివరికి 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, అని ప్రకటించి తీసేసింది. అంటే ఊరందరికీ చూపించిన వంటకం ఒకటి, విస్తట్లో వడ్డించింది ఇంకొకటి.

అమ్మకమే అక్కర్లేదు. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే సెక్యూరిటీ కంపెనీ ఉద్యోగి ఒకరికి మోసపు మెయిల్ వచ్చింది. ఆయన దాన్ని నమ్మడంతో దొంగలు ఆ కంపెనీ ఎక్స్‌టెన్షన్‌కే విషపు అప్‌డేట్ పంపగలిగారు. క్రిస్మస్ సెలవుల్లో అది వాడేవాళ్ల బ్రౌజర్లలోకి తనంతట తనే దిగిపోయింది. అప్‌డేట్‌లు మనల్ని అడిగి రావు. రాత్రి పడుకునేటప్పుడు మంచిగా ఉన్నది పొద్దున లేచేసరికి వేరేలా ఉండొచ్చు.

నేనూ తెలివైనవాణ్నేం కాదు. కొన్నేళ్ల కిందట స్క్రీన్‌షాట్ ఎక్స్‌టెన్షన్ ఒకటి హాయిగా వాడుకుంటూ ఉన్నాను. ఒకరోజు అది తనంతట ఆగిపోయి, 'కొత్త పర్మిషన్ కావాలి' అని అడిగింది. పని తొందరలో ఓకే కొట్టాను. వారం తర్వాత గమనిస్తే, నేను ఏ షాపింగ్ లింకు నొక్కినా అది మధ్యలో ఇంకో సైట్ గుమ్మం తొక్కి వెళుతోంది. స్క్రీన్‌షాట్ తీసేదానికి నా షాపింగ్‌తో ఏం పని? ఎక్స్‌టెన్షన్ ఉన్నట్టుండి కొత్త పర్మిషన్ అడిగితే, అడిగినది దాని పనికి సంబంధించిందో కాదో ఆలోచించండి. కాకపోతే తీసేయండి.

కాబట్టి 'ఓపెన్ సోర్సా కాదా' అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. దాన్ని ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు, వాళ్లకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది అన్నవి ఆ తర్వాత అడగాల్సినవి. ఈ రెండింటికీ తేటగా జవాబు దొరికేవి మీకు నాలుగైదు చెబుతాను. అందులో మీ సెంటర్‌కు కావలసింది నిజానికి ఒక్కటే.

అది యుబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టిన యాడ్ బ్లాకర్. కంపెనీ లేదు, ప్రీమియం ప్లాన్ లేదు, చివరికి విరాళాలు కూడా తీసుకోరు. పేరులో 'ఆరిజిన్' అన్న మాట తప్పకుండా చూసుకోండి. దానికో కథ ఉంది. 2015లో ఆయన అసలు ప్రాజెక్టును వేరొకరికి అప్పగించారు. అది నడిచే తీరు నచ్చక తన కాపీని 'ఆరిజిన్' పేరుతో మళ్లీ సొంతంగా నడపడం మొదలుపెట్టారు. అప్పగించిన ఆ పాత 'యుబ్లాక్' తర్వాత చేతులు మారి 2018లో యాడ్‌బ్లాక్ అనే ఇంకో బ్లాకర్ వాళ్ల దగ్గరికి చేరింది. మీ తమ్ముడి మాటలోని నిజమైన సగం ఇక్కడుంది. కోడ్ అందరిదీ కాబట్టే ఒక దారి చెడినా ఇంకో దారి వేసుకోగలిగారు. గ్రేట్ సస్పెండర్ విషయంలోనూ అంతే, పాత మంచి కోడ్ తీసుకుని వేరేవాళ్లు కొత్త పేర్లతో నడిపారు.

అయితే చిక్కేమిటంటే, ఇది ఇప్పుడు క్రోమ్‌లో నడవదు. ఎక్స్‌టెన్షన్ల నియమాలను గూగుల్ మార్చింది. కొత్త పద్ధతి పేరు మ్యానిఫెస్ట్ వీ3. పాత పద్ధతిలో, పేజీ తెరుచుకునేటప్పుడు బయటినుంచి వచ్చే ప్రతి ముక్కనూ బ్లాకర్ గుమ్మం దగ్గరే ఆపి, అక్కడికక్కడ చూసి నిర్ణయించేది. కొత్త పద్ధతిలో అలా కాదు, బ్లాకర్ ముందే ఒక జాబితా రాసి బ్రౌజర్ చేతికి ఇవ్వాలి, ఆపే పని బ్రౌజర్ చూసుకుంటుంది. భద్రత కోసమే అని గూగుల్ అంటుంది. యాడ్స్ మీదే బతికే కంపెనీ యాడ్ బ్లాకర్ల చేతులు కట్టేస్తుంటే అనుమానం రాకుండా ఉంటుందా అని మిగతావాళ్లు అంటారు. నేను రెండో గుంపు. 2024లో మొదలుపెట్టి 2025 కల్లా క్రోమ్‌లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేశారు. క్రోమ్ కోసం అదే రచయిత 'యుబ్లాక్ ఆరిజిన్ లైట్' అని కొత్త నియమాలకు సరిపోయేది ఇచ్చారు. పర్వాలేదు, చాలా యాడ్స్‌ను ఆపుతుంది, కానీ అసలుదానంత గట్టిది కాదు.

అందుకే నా సలహా, మూడు సిస్టమ్‌లలోనూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఎక్కించి దానికే అలవాటు పడండి. అందులో పూర్తి యుబ్లాక్ ఆరిజిన్ నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ల యాడ్ఆన్ల (ఎక్స్‌టెన్షన్లను వాళ్లు అలా అంటారు) సైట్‌లో 'రికమెండెడ్' అనే ముద్ర ఉన్నవాటిని వాళ్లు ప్రత్యేకంగా పరిశీలిస్తారు, దీనికి ఆ ముద్ర ఉంది. ఏదైనా పోర్టల్ ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తే దానికోసం క్రోమ్ పక్కన ఉంచండి, అందులో లైట్ ఒక్కటే పెట్టండి.

పెట్టాక సెట్టింగ్స్‌లో రెండు చిన్న పనులున్నాయి. ఫిల్టర్ లిస్టుల పేజీలో ప్రాంతీయ జాబితాల కింద ఇండియన్‌లిస్ట్ ఉంటుంది, టిక్ పెట్టండి, మన భాషల సైట్లకు పనికొస్తుంది. కుకీ నోటీసుల జాబితా ఇంకొకటి ఉంటుంది, అదీ పెడితే 'కుకీస్ ఒప్పుకోండి' అని అడ్డొచ్చే పెట్టెలు చాలావరకు పోతాయి. దానికోసం వేరే ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. ఇంకో యాడ్ బ్లాకర్‌ను దీనికి తోడు పెట్టకండి. రెండూ ఒకదాని పనికి ఒకటి అడ్డుపడతాయి, సైట్లు చెడిపోతాయి.

ఇప్పుడు మీరు చెప్పిన పచ్చ బటన్ల సంగతి. ఏదో ఫలితాల సైట్ తెరిచారనుకోండి. పేజీలో నాలుగు 'డౌన్‌లోడ్' బటన్లుంటాయి, వాటిలో మూడు యాడ్స్. యుబ్లాక్ ఉంటే ఆ మూడూ సాధారణంగా రానే రావు, అసలుది ఒక్కటే మిగులుతుంది. ఏదైనా తప్పించుకుని కనిపిస్తే దాని మీద రైట్ క్లిక్ చేసి 'బ్లాక్ ఎలిమెంట్' అని నొక్కండి. ఆ ముక్క ఎర్రగా వెలుగుతుంది, క్రియేట్ అంటే మళ్లీ కనిపించదు. దీనికి అలవాటుపడితే ఇల్లు ఊడ్చినంత తృప్తిగా ఉంటుంది.

ఫీజు కట్టే చోట మాత్రం ఒక్కోసారి పేజీ ముందుకు కదలదు. బ్యాంకు పేజీ వేరే కిటికీలో తెరుచుకోవాలి, తెరుచుకోదు. వెనక అబ్బాయి "అక్కా, టైమైపోతోంది" అంటుంటాడు. టెన్షన్ పడకండి. యుబ్లాక్ గుర్తు నొక్కితే పెద్ద పవర్ బటన్ ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఒక్కసారి నొక్కి పేజీ రీలోడ్ చేస్తే, ఆ సైట్ ఒక్కదానికే బ్లాకింగ్ ఆగుతుంది, మిగతా అన్నిటికీ అలాగే ఉంటుంది. డబ్బు కట్టడం మొదలుపెట్టాక కాదు, ముందే చేసుకోండి. మీరు రోజూ వాడే నాలుగైదు ప్రభుత్వ సైట్లకు ఇప్పుడే ఆపి పెట్టుకున్నా నష్టం లేదు. మీకు ఇష్టమైన చిన్న తెలుగు సైట్లు ఏవైనా యాడ్స్ మీదే బతుకుతుంటే వాటికీ అలాగే ఆపండి, అది మీ మనసును బట్టి.

ఇంకో ముఖ్యమైన సంగతి, కస్టమర్ల పని ఎప్పుడూ ప్రైవేట్ విండోలో (మూయగానే లాగిన్లు, హిస్టరీ పోయే కిటికీ అది) చేయించండి. కానీ ఎక్స్‌టెన్షన్లు ప్రైవేట్ విండోలో వాటంతటవే నడవవు. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్ఆన్ల పేజీకి వెళ్లి, యుబ్లాక్ మీద నొక్కి, 'రన్ ఇన్ ప్రైవేట్ విండోస్' దగ్గర 'అలౌ' పెట్టాలి. క్రోమ్‌లోనూ ఇన్‌కాగ్నిటోకు ఇలాంటి స్విచ్చే ఉంది. ఇది చాలామందికి తెలియక, 'బ్లాకర్ పెట్టినా యాడ్స్ వస్తున్నాయి' అంటుంటారు. దాంతోపాటు ఇంకోటి కూడా తెలుసుకోండి. రెండు ప్రైవేట్ విండోలు పక్కపక్కనే తెరిచి ఉంటే, అవి రెండూ ఒకే లాగిన్‌ను పంచుకుంటాయి. మొదటి అమ్మాయి విండో మూయకుండా వెళ్లిపోయి, రెండో అబ్బాయికి మీరు కొత్తది తెరిచి ఇస్తే, ఆ అమ్మాయి మెయిల్ అతనికి తెరుచుకుని కనిపిస్తుంది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చునే ముందు ప్రైవేట్ విండోలన్నీ మూసేయండి.

పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి, అవసరమైనచోట నింపేందుకు బిట్‌వార్డెన్ అనే ఎక్స్‌టెన్షన్ మంచిది. ఓపెన్ సోర్స్, ఉచితంగా వాడుకోవచ్చు, కంపెనీ పెయిడ్ ప్లాన్ల మీద నడుస్తుంది. కానీ ఇది మీకు మాత్రమే, మీరు ఒక్కరే కూర్చునే సిస్టమ్‌లో మాత్రమే. కస్టమర్లు వాడే సిస్టమ్‌లలో పాస్‌వర్డ్ సేవ్ చేసేది ఏదీ ఉండకూడదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ భాగంలో 'పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడుగు' అన్న టిక్ తీసేయండి. వాటిలో మీ సొంత ఫైర్‌ఫాక్స్, గూగుల్ అకౌంట్లతో సైన్ ఇన్ కూడా అవకండి.

బిట్‌వార్డెన్ వల్ల మీకు కలిగే లాభం, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే బాధ తప్పడం ఒక్కటే కాదు. అది సైట్ అడ్రస్ చూసి పాస్‌వర్డ్ నింపుతుంది. మన కళ్లు రంగులు, లోగోలు చూసి మోసపోతాయి, దానికి అడ్రస్ తప్ప ఏమీ కనిపించదు. అచ్చం అసలు సైట్‌లాగే ఉన్న నకిలీ సైట్‌కు వెళ్లారనుకోండి, అది మౌనంగా ఉండిపోతుంది. రోజూ నింపేది ఈరోజు నింపలేదంటే, కోపగించుకుని చేత్తో కొట్టేయకుండా పైకి చూసి అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు. కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకోండి, సెంటర్‌లో కీబోర్డు కింద కాదు. ఇంటర్నెట్‌లో అసలు ఏదీ దాచడం ఇష్టం లేకపోతే కీపాస్ఎక్స్‌సీ ఉంది, పాస్‌వర్డ్‌లన్నీ మీ సిస్టమ్‌లోనే ఒక ఫైల్‌లో ఉంటాయి. ఆ ఫైల్ పోతే మాత్రం అన్నీ పోయినట్టే.

ఇక మిగతావి. డార్క్ రీడర్ ఏ పేజీనైనా నల్లటి నేపథ్యంలోకి మారుస్తుంది, రాత్రిళ్లు కళ్లకు హాయి. కానీ పాత సిస్టమ్‌లలో కాస్త బరువనిపిస్తుంది, కస్టమర్లు కూడా 'ఇదేంటి నల్లగా' అంటారు. మీ సొంతదానిలో పెట్టుకోండి. సెంటర్ మెయిల్, ఇంటి మెయిల్ రెండూ ఒకేసారి తెరవాల్సి వస్తే మొజిల్లా వాళ్ల మల్టీ అకౌంట్ కంటైనర్స్ బాగుంటుంది. ఇక్కడితో సరి.

ఏవి పెట్టకూడదో చెబితే మీకు ఇంకా ఎక్కువ ఉపయోగం. పీడీఎఫ్ చూడటానికి, వెబ్ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవడానికి ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు, ప్రింట్ నొక్కి 'సేవ్ టు పీడీఎఫ్' అంటే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో రైట్ క్లిక్ చేస్తే స్క్రీన్‌షాట్ కూడా ఉంది. పీడీఎఫ్‌లు కలపాలంటే పీడీఎఫ్‌శామ్ బేసిక్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ సిస్టమ్‌లోనే పనిచేస్తుంది. ఫొటో, సంతకం 50 కేబీ లోపు ఉండాలని అప్లికేషన్లు అడుగుతాయి కదా, దానికి స్క్వూష్ అనే సైట్ వాడండి. గూగుల్ క్రోమ్ ఇంజనీర్ల ఓపెన్ సోర్స్ పనే. ఫొటో సైజు తగ్గించే పని మీ బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫొటో ఎక్కడికీ అప్‌లోడ్ అవదు. ఊరూపేరూ లేని కన్వర్టర్ సైట్లకు ఊరందరి ఆధార్ కార్డులు ఎక్కించడం ఈరోజుతో ఆపేయండి.

తెలుగు టైపింగ్ ఎక్స్‌టెన్షన్లు కూడా వద్దు. కొట్టే ప్రతి అక్షరం చూడటమే వాటి పని. విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో కలుపుకుంటే 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా తెలుగులో పడుతుంది. ఒకప్పుడు మాత్రం మన భాషకు ఎక్స్‌టెన్షనే దిక్కు. తెలుగు పేపర్ల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకున్న రోజుల్లో, ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా పిచ్చి గీతలే. ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్ ఆ గీతల్ని యూనికోడ్ తెలుగుగా, అంటే ప్రత్యేక ఫాంటు లేకున్నా కనిపించే తెలుగుగా, మార్చి చూపేది. పేపర్లు యూనికోడ్‌కు మారాక దాని అవసరం తీరింది. మీరు డీటీపీ కూడా చేస్తుంటే ఆ ఫాంటుల గొడవ మీకు నేను చెప్పక్కర్లేదు.

ఫోన్ గురించి మీరు అడగలేదు గానీ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే ఇదే యుబ్లాక్ ఆరిజిన్ అందులోనూ నడుస్తుంది. ఫోన్‌లోని క్రోమ్‌లో ఆ వీలు లేదు.

చివరగా ఒకటి. ప్రైవేట్ విండో మూస్తే లాగిన్లు, హిస్టరీ పోతాయి గానీ డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు పోవు. ఏ ఎక్స్‌టెన్షనూ వాటిని తుడవదు. ఈ జవాబు చదవడం అయ్యాక మధ్య సిస్టమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి, ఎవరెవరి ఆధార్‌లు, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్కులు ఉన్నాయో చూడండి. అన్నీ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. రేపటి నుంచి షట్టర్ దించే ముందు రోజూ ఆ పని చేయండి.